శంషాబాద్: పల్లె పేర్లలో చరిత్ర.. లెక్కకందని నగరం

హైదరాబాద్‌కు దక్షిణాన, బెంగళూరు జాతీయ రహదారిపై ఉన్న శంషాబాద్ పేరు వినగానే నేడు అందరికీ స్ఫురించేది అంతర్జాతీయ విమానాశ్రయమే. అయితే విమానాల రాకతోనే ఇక్కడికి జనం వచ్చారనుకుంటే పొరపాటు. గోల్కొండ కాలం నుంచి పాయిగా జాగీర్ల దాకా, నిజాం రైలు మార్గం నుంచి ఔటర్ రింగు రోడ్డు దాకా, కొత్త పాలన, కొత్త దారి వచ్చిన ప్రతిసారీ ఈ నేలపై ఒక కొత్త జనవర్గం స్థిరపడింది. తెలుగు, ఉర్దూ, లంబాడీ మాటలు ఇక్కడ తరతరాలుగా కలిసే వినిపిస్తున్నాయి. వాటికి ఇప్పుడు హిందీ, భోజ్‌పురి, ఒడియా, బెంగాలీ తోడయ్యాయి. విచారకరమైన విషయం ఏమిటంటే, ఈ మార్పునంతటినీ నమోదు చేసిన అధికారిక జనగణన ఇంతవరకు లేదు. చివరిసారి తలలు లెక్కించింది 2011లో. అప్పటికి శంషాబాద్ పురపాలిక కూడా కాలేదు. ఈ నేపథ్యంలో శంషాబాద్, విమానాశ్రయ పరిసర ప్రాంతాల జనజీవన స్వరూపంపై సమగ్ర కథనం.

ఎల్లలు.. పాలన

శంషాబాద్ రంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రం. రాజేంద్రనగర్ శాసనసభ నియోజకవర్గంలో, చేవెళ్ల లోక్‌సభ స్థానం పరిధిలో ఉంది. వాయవ్యాన హిమాయత్‌సాగర్ జలాశయం, తూర్పున శ్రీశైలం రహదారి వైపు మామిడిపల్లి, దక్షిణాన కొత్తూరు, షాద్‌నగర్ పారిశ్రామిక ప్రాంతాలు దీనికి హద్దులుగా చెప్పుకోవచ్చు. ఒకప్పటి 7వ నంబరు జాతీయ రహదారి, నేటి 44వ నంబరు రహదారి పట్టణం మీదుగానే సాగుతుంది. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ వెళ్లే రైలు మార్గంలోని ఉందానగర్ స్టేషను శంషాబాద్‌కు రైలు ముఖద్వారం.

హైదరాబాద్ జిల్లాలోని గ్రామీణ ప్రాంతాలను వేరుచేసి 1978 ఆగస్టు 15న కొత్త జిల్లాను ఏర్పాటు చేశారు. మాజీ ఉప ముఖ్యమంత్రి కొండా వెంకట రంగారెడ్డి పేరు తదనంతరం దానికి స్థిరపడింది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఆ జిల్లా రంగారెడ్డి, వికారాబాద్, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలుగా విడిపోయింది. అంతవరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న షాద్‌నగర్, కొత్తూరు ప్రాంతాలు అదే రోజు రంగారెడ్డిలో చేరాయి. అప్పటి ముసాయిదాలో శంషాబాద్ పేరిట ఒక జిల్లానే ప్రతిపాదించినా అది కార్యరూపం దాల్చలేదు. సమీకృత కలెక్టరేట్ కొంగరకలాన్‌లో నిర్మితమై 2022 ఆగస్టు 25న ప్రారంభమైంది.

2018 ఆగస్టులో శంషాబాద్ గ్రామ పంచాయతీ హోదా వీడి పురపాలికగా మారింది. ఆ హోదా ఎంతో కాలం నిలవలేదు. 2025 డిసెంబరులో ప్రభుత్వం హైదరాబాద్ చుట్టూ ఉన్న 20 పురపాలికలు, 7 నగరపాలికలను గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనం చేసింది. అందులో శంషాబాద్ ఒకటి. అంటే ఎనిమిదేళ్లయినా నిండకముందే ఈ ఊరి ప్రజలు పంచాయతీ, పురపాలిక, మహానగరం అనే మూడు రకాల పాలనలను చవిచూశారు.

పల్లె పేర్లే సాక్ష్యం

ఇక్కడి జనవైవిధ్యం ఎంత పాతదో తెలుసుకోవడానికి శాసనాలు వెతకనక్కరలేదు. ఈ ప్రాంతంలోని గ్రామాల పేర్లను వరుసగా చదివితే చాలు. పాలమాకుల, ముచ్చింతల, రాళ్లగూడ, తొండుపల్లి వంటివి అచ్చ తెలుగు పేర్లు. చెట్టు, రాయి, పల్లె, గూడెం వాటిలో కనిపిస్తాయి. హమీదుల్లానగర్‌లో అరబ్బీ వ్యక్తి నామానికి సంస్కృత నగరం తోడయింది. సుల్తాన్‌పల్లిలో సుల్తాన్ అరబ్బీ అయితే పల్లె తెలుగుది. ఘాన్సిమియాగూడలో ఒక మియా పేరు తెలుగు గూడెంతో కలిసిపోయింది. గగన్‌పహాడ్‌లో సంస్కృత గగనం, హిందుస్థానీ పహాడ్ జంటకట్టాయి. నానాజీపూర్ మరాఠీ వాసన గల పేరు. రామంజాపూర్ రామానుజుని పేరును తలపిస్తుంది. పెద్దగోల్కొండ, చినగోల్కొండ అనే రెండు పల్లెలు కోట పేరును పంచుకున్నాయి.

శంషాబాద్ అనే పేరు పాయిగా ప్రభువుల షమ్స్-ఉల్-ఉమ్రా అనే బిరుదుతో ముడిపడినదని ప్రతీతి. ఆ బిరుదుకు ప్రభువులలో సూర్యుని వంటివాడు అని అర్థం. నిజాం తరువాత అంతటి సంపద, సైన్యం, జాగీర్లు కలిగిన వంశంగా పాయిగాలు ప్రసిద్ధులు.

గ్రామాల పేర్లే కాదు, రైతు పెట్టెలో భద్రంగా దాచుకునే కాగితాల భాషా ఇటువంటిదే. పట్టా, పహాణీ, ఖాస్రా, సేత్వార్, జమాబందీ అనే మాటలు ఫారసీ పాలన వదిలివెళ్లినవి. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పేరుందా లేదా అనే ప్రశ్న నేటికీ ఈ ప్రాంతంలో భూమి తగాదాల తీరును నిర్ణయిస్తోంది. 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చి దస్త్రాలు కంప్యూటరులోకి చేరినా వాటిలోని మాటలు మాత్రం పాతవే. ఆస్పత్రిని దవాఖానా అని పిలిచే తెలుగు రైతు, పొలం పనుల మాటలన్నీ తెలుగులో పలికే ముస్లిం రైతు ఇక్కడ ఇరుగుపొరుగువారు.

జాగీరు నుంచి తోటల దాకా

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైంది. మరుసటి ఏడాది జాగీర్ల రద్దు శాసనం వెలువడింది. అంతవరకు జాగీర్దారులకు శిస్తు చెల్లించిన పల్లెలు ప్రభుత్వ రెవెన్యూ పాలన కిందికి వచ్చాయి. 1985లో మండల వ్యవస్థ ఆరంభమైన తరువాత శంషాబాద్ పరిసర పల్లెలకు పరిపాలనా కేంద్రంగా రూపుదిద్దుకుంది.

నగరానికి దగ్గరగా ఉండటం రైతుకు వరమైంది. కూరగాయలు, ఆకుకూరలు, పూలు, పండ్ల తోటలు ఈ ప్రాంతపు పంటలు. తెల్లవారకముందే మార్కెట్లకు చేరే సరుకుతో ఇక్కడి కుటుంబాలు రోజువారీ నగదును కళ్లజూసేవి. హిమాయత్‌సాగర్ జలాశయం 1927లో పూర్తయింది. దానిని, ఉస్మాన్‌సాగర్‌ను కాపాడే ఉద్దేశంతో ప్రభుత్వం 1996 మార్చి 8న 111వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో భారీ నిర్మాణాలు, కాలుష్య పరిశ్రమలపై ఆంక్షలు వచ్చాయి. శంషాబాద్ మండలంలోని అనేక గ్రామాలు ఆ జాబితాలో ఉన్నాయి. అందుకే ఒకే మండలంలో రహదారికి ఒక పక్క బహుళ అంతస్తులు, మరో పక్క పచ్చని పొలాలు చాలాకాలం కనిపించాయి. 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు సడలిస్తూ మరో ఉత్తర్వు వెలువడింది. 2023 మే నెలలో 111 ఉత్తర్వును పూర్తిగా ఎత్తివేస్తామని నాటి మంత్రివర్గం ప్రకటించింది. అప్పటి నుంచి ఈ పల్లెలలో భూమి ధరలు, లేఅవుట్ల ప్రచారం జోరందుకున్నాయి.

విమానాశ్రయం.. రెండు రకాల బాధితులు

బేగంపేట విమానాశ్రయం చుట్టూ నగరం కమ్ముకోవడంతో కొత్త స్థలం అన్వేషణ 1990లలో మొదలైంది. చివరకు శంషాబాద్ ఖరారైంది. జీఎంఆర్ సంస్థ ప్రధాన భాగస్వామిగా, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం, మలేసియా విమానాశ్రయాల సంస్థ వాటాదారులుగా ప్రాజెక్టు రూపుదాల్చింది. 2004 డిసెంబరు 20న ఒప్పందం కుదిరింది. 2005 మార్చి 16న శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 14న ప్రారంభోత్సవం, అదే నెల 23 నుంచి విమానాల రాకపోకలు. ఆనాటితో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. అదే ఏడాది మే నెలలో బెంగళూరుకు చెందిన దేవనహళ్లి విమానాశ్రయం కూడా ప్రారంభం కావడం గమనార్హం. ఒకే జాతీయ రహదారిపై ఉన్న రెండు వ్యవసాయ మండలాల తలరాతను ఒకే సంవత్సరం మార్చివేసింది.

విమానాశ్రయ ప్రాంగణం సుమారు 5,500 ఎకరాలు. అప్పటికి అమలులో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. కాగితంపై హక్కు ఉన్నవారికి పరిహారం ఇవ్వడమే దాని సారాంశం. ఆ భూమిలో కూలి చేసినవారికి, కౌలుకు సాగుచేసినవారికి, పల్లెను నమ్ముకుని బతికిన చేతివృత్తులవారికి అందులో చోటు లేదు. పట్టాదారుకు సొమ్ము అందినా ఆ సొమ్ముతో ఆ తరువాత పెరిగిన ధరలకు అదే చోట గుంట భూమి కొనడం దుర్లభమైంది. భూమి లేనివారికి ఆ సొమ్ము కూడా లేదు. ఇటువంటి అనుభవాలు దేశమంతటా ఎదురయ్యాకే 2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. కౌలుదారులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారు కూడా బాధిత కుటుంబాలేనని ఆ చట్టం గుర్తించింది. 2014 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అప్పటికి శంషాబాద్‌లో విమానాలు ఎగురుతూ ఆరేళ్లు కావస్తోంది.

రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఆరంభంలో ఏడాదికి 1.2 కోట్ల మంది ప్రయాణికులకు సరిపడేలా టెర్మినల్ నిర్మించారు. 2023-24లో ప్రయాణికుల సంఖ్య 2.5 కోట్లకు చేరింది. సామర్థ్యాన్ని 3.4 కోట్లకు పెంచారు. ప్రాంగణం చెంతనే విమాన విడిభాగాల పరిశ్రమలు, మరమ్మతు కేంద్రాలు వెలిశాయి. ఫ్రాన్స్‌కు చెందిన సఫ్రాన్ సంస్థ విమాన ఇంజన్ల మరమ్మతు కేంద్రం 2025 నవంబరు 26న ప్రారంభమైంది.

దారులు తెచ్చిన జనం

విమానాశ్రయం వెంటే రహదారులు వచ్చాయి. ఔటర్ రింగు రోడ్డులో గచ్చిబౌలి-శంషాబాద్ భాగం 2008 నవంబరులో తెరుచుకుంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరులో అందుబాటులోకి వచ్చింది. 158 కిలోమీటర్ల ఔటర్ పూర్తయ్యేసరికి శంషాబాద్ ఊరి చివర కాక, నగరానికి కూడలిగా మారింది. సికింద్రాబాద్-మహబూబ్‌నగర్ రైలు మార్గం డబ్లింగును 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు. ఎంఎంటీఎస్ రైళ్లు ఉందానగర్ వరకు పొడిగించారు. నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయానికి 36.8 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024లో రెండో దశ ప్రతిపాదనల్లో చేర్చింది.

ఈ దారుల వెంట వచ్చినవారిని స్థూలంగా నాలుగు వర్గాలుగా చూడవచ్చు.

మొదటివారు పాలమూరు జనం. కరవు వెంటాడిన మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల నుంచి నగరానికి వలస వచ్చేవారికి బెంగళూరు రోడ్డే దారి. మట్టి పనికి, భవన నిర్మాణానికి దేశమంతటా పేరుపడిన పాలమూరు కూలీలలో పలువురు దారిలోని శివారు బస్తీలలోనే నిలదొక్కుకున్నారు.

రెండోవారు తెలుగు నేలలోని ఇతర జిల్లాలవారు. ఉద్యోగాలు, వ్యాపారాలు, హోటళ్లు, ట్యాక్సీలు, రియల్ ఎస్టేట్ వీరిని ఆకర్షించాయి. తెలంగాణ జిల్లాలతో పాటు కోస్తా, రాయలసీమల వారు కూడా కొత్త కాలనీలలో కనిపిస్తారు.

మూడోవారు ఉత్తర, తూర్పు రాష్ట్రాల శ్రామికులు. కొత్తూరు, నందిగామ, షాద్‌నగర్ పరిశ్రమలలోనూ, ఔటర్ వెంబడి లేస్తున్న భవనాలలోనూ, గోదాములలోనూ బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఒడిశా, పశ్చిమబెంగాల్ కార్మికులు పనిచేస్తున్నారు. ఇటుక బట్టీలకు ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. కార్తీకం దాటాక వచ్చి, తొలకరికి ముందు తిరిగి వెళ్లడం వారి ఆనవాయితీ. వారి పిల్లల చదువు చెడకుండా తెలంగాణలోని బట్టీల వద్ద ఒడియా మాధ్యమంలో పని ప్రదేశ పాఠశాలలు నడిపిన ఉదంతాలూ ఉన్నాయి.

నాలుగోవారు విమానాశ్రయం నేరుగా రప్పించినవారు. భద్రత చూసే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సిబ్బంది దేశం నలుమూలల వారు. విమానయాన సంస్థలు, సరుకు రవాణా, ఆతిథ్య రంగాల ఉద్యోగులూ అంతే.

వచ్చేవారితో పాటు ఈ ద్వారం గుండా వెళ్లేవారినీ తలచుకోవాలి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ బాట పట్టే కార్మికులు, అమెరికా విశ్వవిద్యాలయాలకు వెళ్లే విద్యార్థులు, హజ్ యాత్రికులు అందరూ ఇక్కడి నుంచే విమానమెక్కుతారు. ఒక చోట మనవారు వలసజీవులు, మరో చోట వలసజీవులకు మనం ఆతిథ్యమిచ్చేవారం. ఈ రెండు దృశ్యాలూ ఒకే మండలంలో ఎదురుపడటం శంషాబాద్ ప్రత్యేకత.

తండాల మాట

జాతీయ రహదారికి లోపలగా ఉన్న తండాలలో లంబాడీలు తరతరాలుగా నివసిస్తున్నారు. పూర్వం ఎడ్లపై ధాన్యం, ఉప్పు రవాణా చేసిన ఈ సంచార వర్తకులు రైళ్లు, రోడ్లు వచ్చాక వృత్తి కోల్పోయి వ్యవసాయానికి మళ్లారు. 1976 నాటి సవరణ చట్టంతో తెలంగాణ ప్రాంత లంబాడీలకు షెడ్యూల్డు తెగల హోదా లభించింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో 500 పైబడి జనాభా గల తండాలు ప్రత్యేక పంచాయతీలయ్యాయి.

వారు ఇంట మాట్లాడే గోర్ బోలికి సొంత లిపి లేదు. పిల్లలు బడిలో తెలుగు నేర్చుకుంటారు. ఇక జనగణన పట్టికలలో లంబాడీని హిందీ కింద ఒక మాతృభాషగా చేర్చారు. 2011లో దేశవ్యాప్తంగా 32 లక్షలకు పైగా ప్రజలు లంబాడీని తమ మాతృభాషగా చెప్పుకున్నారు. అయినా మొత్తం లెక్కలో వారు హిందీవారిగానే కనిపిస్తారు. భాషా వైవిధ్యం నేలపై ఉన్నంతగా పట్టికలో కనిపించకపోవడానికి ఇదొక ఉదాహరణ. ఉర్దూ విషయం వేరు. 2017లో రాష్ట్రమంతటా దానికి రెండో అధికార భాష హోదా దక్కింది. ఇక్కడివారు పలికేది మాత్రం పుస్తకాల ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ నుడికారాలు కలిసిన దక్కనీ.

గుడి.. దర్గా.. ధ్యాన మందిరం

నర్కూడ గ్రామ పరిధిలోని అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం ఈ ప్రాంతపు ప్రాచీన క్షేత్రం. 13వ శతాబ్ది నాటిదని ప్రతీతి. ఎత్తైన రాజగోపురం, విశాలమైన కోనేరు ఉన్న ఈ గుడిలో ఎన్నో తెలుగు చిత్రాల షూటింగులు జరిగాయి. ముచ్చింతలలో 216 అడుగుల రామానుజాచార్యుల పంచలోహ విగ్రహాన్ని 2022 ఫిబ్రవరి 5న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆవిష్కరించారు. దాని చుట్టూ 108 దివ్యదేశాల నమూనా ఆలయాలు నిర్మించారు. కుల భేదాలను తోసిపుచ్చిన ఆచార్యునిగా రామానుజుని స్మరిస్తూ దీనికి సమతామూర్తి అని పేరుపెట్టారు.

కొత్తూరు మండలం ఇన్ముల్‌నర్వలోని జహంగీర్ పీర్ దర్గాకు ముస్లింలతో పాటు హిందువులూ మొక్కులు చెల్లించుకుంటారు. నందిగామ మండలం కన్హా శాంతివనంలో లక్ష మంది కూర్చోగల ధ్యాన మందిరం 2020 జనవరిలో ప్రారంభమైంది. అనేక దేశాల నుంచి సాధకులు అక్కడికి వస్తారు. వీటన్నిటికీ విమానాశ్రయం నుంచి కొద్ది సేపటి ప్రయాణం.

ఏడాది పొడవునా పండుగే

ఆషాఢంలో గోల్కొండలో మొదలయ్యే బోనాలు శ్రావణం నాటికి శివారు పల్లెలకు పాకుతాయి. అదే వానకాలంలో తండాలలో తీజ్ వేడుక. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టలలో గోధుమ నారు పెంచి, తొమ్మిది రోజులు ఆటపాటలతో గడిపి, చివరి రోజు నీటిలో కలుపుతారు. భాద్రపద అమావాస్యకు బతుకమ్మ. మొహర్రంలో పీర్ల పండుగ. తెలంగాణ పల్లెలలో పీర్లను ఎత్తుకునేవారిలో, అలావా చుట్టూ ఆడేవారిలో హిందువులు ఉండటం పాత ఆచారం. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి. ఇటీవలి దశాబ్దాలలో వీటికి కార్తీక శుద్ధ షష్ఠి నాటి ఛట్ పూజ తోడయింది. బీహార్, ఉత్తరప్రదేశ్ కుటుంబాలు చెరువు గట్టున నిలబడి అస్తమించే సూర్యునికి, మరునాడు ఉదయించే సూర్యునికి అర్ఘ్యమిస్తాయి. బతుకమ్మను సాగనంపే చెరువులే ఛట్‌కూ కావాలి, తీజ్‌కూ కావాలి. చెరువు కబ్జా అయితే నష్టపోయేది నీరు మాత్రమే కాదు. ఈ మూడు పండుగలూ చోటు కోల్పోతాయి.

లెక్క తప్పితే ఏమవుతుంది

2001లో ఉమ్మడి రంగారెడ్డి జిల్లా జనాభా 35,75,064. 2011 నాటికి అది 52,96,741. పదేళ్లలో 48 శాతానికి పైగా వృద్ధి. విమానాశ్రయం వచ్చి మూడేళ్లయినా నిండని నాటి లెక్క ఇది. 2021లో జరగవలసిన జనగణన కరోనా వల్ల వాయిదా పడింది. ఔటర్ పూర్తి కావడం, ప్రత్యేక రాష్ట్రం, జిల్లాల విభజన, పురపాలిక, మహానగర విలీనం, అన్నీ ఆ తరువాతి మాటలే.

పాత లెక్కతో వచ్చే చిక్కు కాగితానికే పరిమితం కాదు. ఆహార భద్రత చట్టం కింద రాష్ట్రానికి ఎంతమందికి బియ్యం అన్నది 2011 జనాభా ఆధారంగానే నిర్ధారించారు. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల నిధుల పంపిణీలో జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యమిచ్చింది. ఆ జనాభా కూడా 2011 నాటిదే. ఊరు రెట్టింపు అయినా నీటి ట్యాంకు, అంగన్‌వాడీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పాత సంఖ్యకే మంజూరవుతాయి. 2024 లోక్‌సభ ఎన్నికలలో చేవెళ్లలో 29 లక్షలకు పైగా ఓటర్లున్నారు. ఇంతమందికీ పార్లమెంటులో ఒకే గొంతుక. తదుపరి నియోజకవర్గాల పునర్విభజనకూ కొత్త జనగణనే ఆధారం కావలసి ఉంది.

లెక్కలో లేనివారి పరిస్థితి ఎలా ఉంటుందో 2020 చూపించింది. లాక్‌డౌన్ వేళ తెలంగాణలో ఇతర రాష్ట్రాల కార్మికులు 3.35 లక్షల మంది ఉన్నారని తొలుత అంచనా వేసి, ఒక్కొక్కరికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించారు. జాబితాలు అప్పటికప్పుడు తయారు చేయవలసి వచ్చింది. జాబితాకెక్కనివారు కాలినడకన జాతీయ రహదారుల బాట పట్టారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలో తొలి శ్రామిక్ రైలు కదిలింది. ముందే వారి లెక్క సరిగా ఉండి ఉంటే సాయం వెతుక్కుంటూ వెళ్లేది. వారు సాయం వెతుక్కోవలసిన అగత్యం కలిగేది కాదు.

2024 నవంబరులో మొదలైన రాష్ట్ర సమగ్ర కుటుంబ సర్వే కొంత వెలుగునిచ్చింది. 3.54 కోట్ల మంది వివరాలు సేకరించగా వెనుకబడిన తరగతులు 56.33 శాతం, షెడ్యూల్డు కులాలు 17.43 శాతం, షెడ్యూల్డు తెగలు 10.45 శాతం, ఇతరులు 15.79 శాతంగా తేలారు. అయితే మాతృభాష, పుట్టిన ఊరు, వలసకు కారణం వంటి అంశాలను దేశమంతటా ఒకే కొలతతో చెప్పగలిగేది జనగణన మాత్రమే.

రానున్న జనగణనలో గమనించవలసినవి

కేంద్ర ప్రభుత్వం 2025 జూన్ 16న జనగణన నోటిఫికేషన్ వెలువరించింది. తెలంగాణకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. దానికి ముందుగా ఇళ్ల నమోదు ఒక దశ, ఫిబ్రవరిలో ప్రజల నమోదు మరో దశ. కుల వివరాలూ ఇందులో సేకరిస్తారు. స్వయంగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే వీలు కల్పించారు.

ఈ సందర్భంగా శంషాబాద్ వాసులు గుర్తుంచుకోవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. జనగణనలో మనిషిని లెక్కించేది అతడు ఆ రోజులలో నివసిస్తున్న చోట. సొంతూరిలో రేషన్ కార్డు ఉన్నంత మాత్రాన అక్కడే లెక్కించాలని లేదు. ఫిబ్రవరి ఇటుక బట్టీలకు పని ముమ్మరంగా ఉండే కాలం. కనుక ఒడిశా కుటుంబాలు ఇక్కడే లెక్కకు రావాలి. బట్టీ, నిర్మాణ స్థలం, గోదాము, పరిశ్రమల వసతి గదులను గణకులు వదిలిపెట్టకుండా యజమానులు సహకరించాలి. ఇల్లు లేనివారిని ఒక రాత్రి ప్రత్యేకంగా లెక్కించడం జనగణన ఆనవాయితీ. మాతృభాష అడిగినపుడు ఇంట మాట్లాడే మాటనే చెప్పాలి. తండాలో గోర్ బోలి మాట్లాడేవారు లంబాడీ అని, భోజ్‌పురి మాట్లాడేవారు భోజ్‌పురి అని చెబితేనే పట్టికలో ఆ పేరు నిలుస్తుంది. అద్దెకున్నవారి వివరాలు చెబితే ఇంటిపన్ను పెరుగుతుందనే భయంతో యజమానులు దాచడం తగదు. జనగణన చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు గోప్యం. పన్నుకు, కోర్టులో సాక్ష్యానికి వాటిని వాడరాదు.

సుల్తాన్‌పల్లి, ఘాన్సిమియాగూడ అనే పేర్లు పెట్టినవారెవరో నేడు ఎవరికీ తెలియదు. కాని ఎవరు ఎవరితో కలిసి బతికారో ఆ పేర్లు చెబుతున్నాయి. ఇప్పుడు వచ్చిన జనం ఊళ్లకు కొత్త పేర్లు పెట్టరు. వారి ఉనికికి మిగిలే ఆనవాలు జనగణన పట్టికలోని అంకె ఒక్కటే. ఆ అంకె సరిగా ఉంటేనే వారి పిల్లలకు బడి, ఇంటికి నీరు, ఊరికి నిధులు అందుతాయి.

ఒక్క చూపులో శంషాబాద్

1927: హిమాయత్‌సాగర్ పూర్తి
1949: జాగీర్ల రద్దు
1978: రంగారెడ్డి జిల్లా ఆవిర్భావం
1996: జలాశయాల రక్షణకు 111 ఉత్తర్వు
2005: విమానాశ్రయానికి శంకుస్థాపన
2008: విమానాశ్రయం ప్రారంభం, ఔటర్ తొలి భాగం అందుబాటులోకి
2011: చివరి జనగణన, ఉమ్మడి జిల్లా జనాభా 52,96,741
2016: జిల్లా పునర్వ్యవస్థీకరణ
2018: పురపాలిక హోదా
2022: ముచ్చింతలలో సమతామూర్తి ఆవిష్కరణ
2025: గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనం
2027 మార్చి 1: తదుపరి జనగణన ప్రామాణిక తేదీ